వాన తీసేసిన ఫోను

ఫోన్ల దుకాణం నడిపే సమీరా కొత్త ఫోన్‌ను పెట్టెతో సహా దమాసియో బల్ల మీద పెట్టింది.

"ఆల్తూరా తొమ్మిది. నిన్ననే దిగింది. ఈ ఏడాదికి ఫోన్లన్నిటికీ ఇదే రాజంట. భోజనాల వేళకి తేల్చి చెప్పు పెద్దాయనా. నలభై తెప్పించనా, నాలుగు తెప్పించనా?"

"రాజో బంటో చూస్తే తెలుస్తుంది," అన్నాడు దమాసియో పెట్టె విప్పుతూ. "చార్జర్ ఏదమ్మా?"

"పెట్టెలో ఇవ్వరంట. విడిగా కొనుక్కోవాలి."

"మంచం కొంటే కోళ్ళు విడిగా కొనుక్కోవాలన్నమాట."

సమీరా నవ్వి, చల్లటి తెరెరె ఆకు పానీయం ఒక గుక్క పీల్చి, గిరాకీల దగ్గరికి వెళ్ళిపోయింది. దమాసియో కాగితం మధ్యలో నిలువుగా గీత గీశాడు. ఒక పక్క బాగు, ఒక పక్క ఓగు. ఓగు కింద మొదటి మాట పడింది.

అతను చదివింది ఊరి బడిలో ఆరో తరగతి దాకా. రేడియోలు బాగుచేయడం నేర్చుకుని, వాటి నుంచి టేపు రికార్డర్లకీ, వాటి నుంచి ఫోన్లకీ వచ్చాడు. బ్రెజిల్ నుంచి వంతెన దిగగానే ఉన్న ఈ దుకాణాల గ్యాలరీలో అందరూ అతన్ని తక్కెడ అంటారు. ఒక పూట ఫోన్ అతని చేతిలో పెడితే దాని మంచీ చెడూ తేలిపోతాయి. కంపెనీవాళ్ళు టోపీలు పంచినా, గొడుగులు పంచినా అతని మాట మారదు. అతనికున్నది ఒకటే పద్ధతి. ముందు తనకు బాగా తెలిసినదాని మీద పరీక్ష పెడతాడు. తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తేనే, తెలియనిదాని విషయంలో ఆ ఫోన్‌ను నమ్ముతాడు.

కాగితం మీదికి ఎక్కని పరీక్ష ఇంకొకటి ఉంది. అన్నీ అయ్యాక, తన పాత ఫోన్‌లోంచి ఒక ఆడియోను కొత్త ఫోన్‌కు పంపి వింటాడు. నలభై ఒక్క సెకన్లు. అతని భార్య ఒబ్దూలియా పంపిన ఆఖరి ఆడియో. "దమాసియో, ఇదిగో విను" అనేంతవరకు తెలుస్తుంది. ఆ తరవాత రేకుల కప్పు మీద వాన, వాన కింద ఎక్కడో ఆమె గొంతు. మూడేళ్ళలో పదకొండు ఫోన్లు ఆ వానను దాటలేక ఓడిపోయాయి.

ఆమె ఏమందో తనకు తెలుసనే దమాసియో నమ్మకం. లిబోరియో ఇంకా రాలేదు అనే అని ఉంటుంది. ఆ మాట ఆమె నోటితో వినాలి. విని, తీసుకెళ్ళి వాడి చెవిలో పెట్టాలి. ఇంతకుమించి అతనికి బతుకులో పెద్ద కోరికలు లేవు.

లిబోరియో ఒబ్దూలియా తమ్ముడు. ఆ రోజు పొద్దున్నే, దమాసియో పట్నానికి బయలుదేరిపోయాక, ఆమె కర్రపెండలం తవ్వుతుంటే పాము కరిచింది. కాసేపటికే వాన మొదలైంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న లిబోరియోకు మోటారు సైకిలుంది. ఆసుపత్రి గంట దూరం. సాయంత్రం నాలుగింటికి ఆమె వరండాలోనే పోయింది.

శవం దగ్గర నిలబడి లిబోరియో, "వచ్చాను బావా. అక్క బండి ఎక్కలేదు," అన్నాడు.

దమాసియో నమ్మలేదు. ఈ దేశంలో వాన పడితే బడి ఉండదు, బస్సు రాదు, పెళ్ళి కూడా మరో రోజుకు పోతుంది. ఎర్రమట్టి దారి జిగురులా పట్టుకుంటుంది. వాన పడిందిగా అంటే చాలు, ఎందుకు రాలేదని ఎవరూ రెండోసారి అడగరు. అంత వానలో లిబోరియో లాంటి తాగుబోతు బండి తీశాడంటే నమ్మడానికి ఊళ్ళో ఎవరికీ మనసొప్పలేదు. దమాసియో అందరి ముందూ వాడి మొహాన ఉమ్మేశాడు. ఆమె కోసం జరిగిన తొమ్మిది రోజుల జపాలకు గడప తొక్కనివ్వలేదు. ఊరు కూడా మెల్లగా వాడితో మాట్లాడటం మానేసింది. ఏడాది తిరిగేసరికి లిబోరియో ఇల్లు అమ్ముకుని, హైవే మీద ఏడో కిలోమీటరు దగ్గర పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. మంచి పని జరిగిందనుకున్నాడు దమాసియో. ఈ రోజుకీ అలాగే అనుకుంటున్నాడు.

ఫోన్‌ను అరచేతిలో పెట్టి బరువు చూశాడు. ఎక్కువే. జేబులో పెట్టుకుంటే చొక్కా ఒక పక్కకు జారుతుంది. ఓగు. తెర బాగుంది. ఎండలోకి తీసుకెళ్ళి చూశాడు. ఇక్కడ మండువేసవైన ఫిబ్రవరి ఎండలో కూడా అక్షరం అక్షరం తెలిసింది. బాగు. వేలు తడిపి వేలిముద్ర పెట్టాడు. తీసుకుంది. బాగు. సిమ్ము పెట్టే చోటు ఒక్కటే ఉంది. రెండోది కనిపించని సిమ్మట, కంపెనీకి రాసి తెచ్చుకోవాలట. ఈ పట్నంలో మనిషన్నవాడికి ఇటు సిమ్ము ఒకటి, వంతెన అవతలి బ్రెజిల్ సిమ్ము ఒకటి ఉంటాయి. ఇది గీసినవాడు వంతెన దాటి ఎరగడు. ఓగు, కింద రెండు గీతలు.

తరవాత కెమెరా. గ్యాలరీ పైకప్పు ఎక్కాడు. సమీరా కూడా వెంట వచ్చింది.

"వందరెట్లు దగ్గరికి తెస్తుందంట పెద్దాయనా! అవతలి ఒడ్డున నిలబడ్డవాడి మీసాలు లెక్కపెట్టొచ్చంట."

"మీసం ఎందుకు? ఆ గడియారం చూద్దాం."

నదికి అవతల పాత గోడౌన్ నెత్తిన ఒక గడియారం ఉంది. దాని ముళ్ళు ఊడిపోయి ఆరేళ్ళయింది. ఉత్త తెల్లటి పళ్ళెంలా మిగిలింది. దమాసియో ప్రతి కెమెరాకీ దాన్నే చూపిస్తాడు. ఫోన్ ఎత్తి, చివరి దాకా లాగి, నొక్కాడు. ఫోటో మొదట మసకగా వచ్చింది. రెండు సెకన్లలో అద్దంలా తేలింది.

గడియారానికి ముళ్ళున్నాయి. పది గంటల పది నిమిషాలు.

సమీరా నోరు తెరిచింది. "అయ్యో! ముళ్ళెక్కడివి?"

"ఇదే గీసింది. గడియారానికి ముళ్ళుండాలి కదా అనుకుంది. గీసి పెట్టింది."

"అబద్ధమా?"

"పచ్చి అబద్ధం."

ఇరవై ఏళ్ళలో వంకర చూపిన కెమెరాలను చూశాడు, మసక చూపినవాటిని చూశాడు. లేనిదాన్ని ఇంత అందంగా, ఇంత ధీమాగా పుట్టించినదాన్ని చూడలేదు. ఓగు కింద రాశాడు: దూరపు ఫోటో నమ్మరాదు.

కిందికి దిగాక మిగతావి చూశాడు. వేడి, శబ్దం, బ్యాటరీ. పదకొండు గంటలకు పాత ఫోన్ తీశాడు. ఆడియో పంపాడు.

ఈ ఫోన్‌లో ఒక కొత్త సంగతి ఉంది. ఏ శబ్దానికి ఆ శబ్దాన్ని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో గీత చూపిస్తుంది. గొంతు, గాలి, జనం, వాన. వేలితో గీతను కిందికి లాగితే ఆ శబ్దం పోతుంది. దమాసియో చెవుల్లో తీగలు పెట్టుకుని వాన గీత మీద వేలు పెట్టాడు. కిందికి లాగాడు.

వాన ఆగిపోయింది.

మూడేళ్ళుగా చెవిలో పడుతున్న వాన ఒక్కసారిగా లేదు. దాని చోట తన ఇంటి వరండా ఉంది. ఒబ్దూలియా ఊపిరి వినిపించింది.

"దమాసియో, ఇదిగో విను. పాము కరిచింది, కాలికి. లిబోరియో వచ్చాడు. నిలువెల్లా తడిసిపోయాడు పాపం. బండి ఎక్కమంటున్నాడు. వాడి బండి ఎక్కితే మళ్ళీ నా గడప తొక్కొద్దన్నావుగా నువ్వు. ఎక్కనా? ఒక్క ముక్క చెప్పు. నువ్వు చెప్పేదాకా ఎక్కను."

ఆమె వెనకాల, కొంచెం దూరంగా, మగ గొంతు.

"అక్కా, ఆయన సంగతి నేను చూసుకుంటానే! ముందు ఎక్కు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఎక్కవే!"

అక్కడితో ఆడియో అయిపోయింది.

దమాసియో మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. మూడోసారి పెట్టబోయి ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు.

తను ఆ మాట అన్నది నిజమే. అంతకు ముందు ఏడాది లిబోరియో తాగి బండిని కాలవలో పడేశాడు. ఆ పూటే, అన్నం ముందు కూర్చుని, దమాసియో ఒబ్దూలియాతో ఆ మాట అన్నాడు. అని మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

ఆ రోజు ఆడియో వచ్చింది పొద్దున తొమ్మిదీ ఇరవైకి. వ్యాపారం వేళలో ఆడియోలు వినడం అతనికి చిరాకు. వానలో ఫోన్ కలవదని ఆడవాళ్ళందరూ ఆడియోలే పంపుతారు, ఉప్పు అయిపోయిందనో, కోడి పోయిందనో. మధ్యాహ్నం రెండు గంటలకు తెరిచాడు. వాన చప్పుడు విన్నాడు. కప్పు కారుతోందని సణుగుతోంది కాబోలు అనుకుని జేబులో పెట్టేశాడు. ఆమె పోవడానికి అప్పటికి ఇంకా రెండు గంటలుంది.

"పెద్దాయనా! ఏమైంది? మొహం సున్నంలా ఉంది." సమీరా ఎదురుగా నిలబడి ఉంది. "నీళ్ళు తాగు. ఎండకి తల తిరిగిందా?"

"ఈ ఫోన్ అబద్ధాలాడుతుంది," అన్నాడు దమాసియో.

"గడియారం సంగతా?"

"అన్నీ. ఉన్నదానికి లేనిది కలుపుతుంది. మాటలు పుట్టిస్తుంది. వద్దు. ఒక్కటి కూడా తెప్పించొద్దు."

"సరే, నువ్వొద్దంటే వద్దు. కాగితం మీద రాసివ్వు, కంపెనీవాడికి చూపిస్తా."

కలం తీశాడు. మాటలను కూడా కల్పిస్తుంది అని రాయాలి. రాస్తే అయిపోతుంది. ఎవరూ అడగరు, తక్కెడ మాటకు ఎదురు లేదు. ముళ్ళు లేని గడియారానికి ముళ్ళు గీసినది, రాని మనిషికి గొంతు పెట్టదా? పెడుతుంది. కానీ కలం కదల్లేదు. కెమెరాను గడియారం మీద పరీక్షించి పట్టుకున్నాడు. దాని చెవిని దేని మీద పరీక్షించాడు? తెలిసినదాని మీద పెట్టనే లేదు. ఇరవై ఏళ్ళలో ఒక్క ఫోన్‌కు కూడా ఈ అన్యాయం చెయ్యలేదు.

"అమ్మా, ఇంకో పరీక్ష ఉంది," అన్నాడు. "పెరట్లో రేకుల షెడ్డు కిందికి నువ్వెళ్ళు. తోమాసాని కూడా తీసుకెళ్ళు. గొట్టంతో రేకుల మీదికి నీళ్ళు కొట్టిస్తా. నా పాత ఫోన్ పట్టుకుని ఒకరు దగ్గరగా, ఒకరు దూరంగా ఏదో ఒకటి మాట్లాడండి. మధ్యలో కాసేపు నోరు మూసుకోండి. ఏం మాట్లాడారో నాకు చెప్పొద్దు."

గ్యాలరీలో భోజనాలు అమ్మే తోమాసా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటయ్యా తక్కెడా, నన్ను కూడా తూస్తావా? నీ తక్కెడ విరుగుద్ది చూసుకో!"

నీళ్ళు పడ్డాయి. రేకులు మోగాయి. దమాసియో గొట్టం పట్టుకుని బయటే నిలబడ్డాడు. అయ్యాక పాత ఫోన్ తీసుకుని విన్నాడు. నీళ్ళ హోరు తప్ప ఏమీ తెలియలేదు. సరిగ్గా ఆ రోజు వానలాగే ఉంది. కొత్త ఫోన్‌కు పంపి, వాన గీత కిందికి లాగాడు.

లాగుతూ మనసులో ఒకటే కోరుకున్నాడు. ఒక్క మాట ఎక్కువ రావాలి. వాళ్ళు అనని మాట ఒక్కటంటే ఒక్కటి.

సమీరా గొంతు వచ్చింది. "మా చిన్నమ్మాయికి పన్ను ఊడింది. మంచం కింద దాచుకుంది. ఈయన మాత్రం ఇందాకట్నుంచీ ఏదోలా ఉన్నాడు."

దూరంగా తోమాసా. "ఏదోలా ఏంటి, పెళ్ళాం పోయినప్పట్నుంచీ పచ్చిమిరపకాయ నమిలినట్టే ఉంటాడుగా. నవ్వితే నేను పూట భోజనం ఊరికే పెడతా."

తరవాత నిశ్శబ్దం. గీతలన్నీ నేలకు పడుకున్నాయి. ఆ ఖాళీలో ఫోన్ ఏమీ గీయలేదు. ఏమీ పుట్టించలేదు. ఆరు సెకన్ల తరవాత తోమాసా తుమ్ము.

"ఏం మాట్లాడారో ఇప్పుడు చెప్పండి," అన్నాడు.

సమీరా పన్ను సంగతి చెప్పింది. తోమాసా నీళ్ళు నమిలింది. "ఏదో, నీ గురించే మంచి ముక్క అన్నాలే."

"పచ్చిమిరపకాయ."

తోమాసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓర్నాయనో! ఆ హోరులో అది కూడా వినిపించిందా?"

"తుమ్ము కూడా."

"తుమ్మానా నేను?"

దమాసియో బల్ల దగ్గర కూలబడ్డాడు. కాగితం ముందుకు లాక్కున్నాడు. బాగు కింద రాశాడు: వానను తీసేస్తుంది. ఉన్న మాటను ఉన్నట్టు వినిపిస్తుంది. కల్పించదు.

"అయితే తెప్పించనా?" అంది సమీరా మెల్లగా.

"నలభై తెప్పించు. దూరపు ఫోటో నమ్మొద్దని పెట్టె మీద అంటించి అమ్ము. ఇది నాకు సాయంత్రం దాకా కావాలి."

ఆమె అతని మొహం చూసి, దేనికని అడగలేదు.

ఏడో కిలోమీటరు దగ్గర బస్సు దిగాడు. పంక్చర్ షాపు ముందు పాత టైర్లు దొంతరగా ఉన్నాయి. లిబోరియో నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. నలభై ఏళ్ళ మనిషి, యాభై ఐదేళ్ళ మనిషిలా ఉన్నాడు.

"కూర్చోండి, పది నిమిషాలు," అన్నాడు తల ఎత్తకుండా. తరవాత ఎత్తాడు. చేతిలోని ట్యూబు నీళ్ళలోకి జారింది. "మీరా?"

ఇరవై రెండేళ్ళు 'బావా', 'నువ్వు' అని పిలిచిన మనిషి ఇప్పుడు మీరన్నాడు.

"లిబోరియో, నువ్వు ఒకటి వినాలి."

దమాసియో ఫోన్‌ను టైర్ల మీద పెట్టి నొక్కాడు. ఒబ్దూలియా గొంతు హైవే పక్కన, లారీల మధ్య, వాన లేకుండా మాట్లాడింది. లిబోరియో కదలకుండా విన్నాడు. చివర్న తన గొంతు తనే విన్నాడు. కాళ్ళు పట్టుకుంటా, ఎక్కవే.

"దీనికోసమా ఇంత దూరం వచ్చారు?" అన్నాడు. "ఇది నేను విన్నదే. మూడడుగుల దూరంలో ఉన్నాను."

"నా జవాబు కోసం ఆగిందని ఎందుకు చెప్పలేదురా?"

"ఎప్పుడు చెప్పమంటారు? శవం పక్కన కూర్చున్నవాడితో, నీ మాట కోసం చూసి చూసి పోయిందని చెప్పమంటారా? ఎక్కలేదు అన్నాను. అంతవరకే నోరొచ్చింది. మిగతాది మీరే అడుగుతారనుకున్నా. ఉమ్మారు."

"లిబోరియో..."

"తొమ్మిది రోజులూ గేటు దాకా వచ్చాను. కుక్కని వదిలారు. అక్కని ఎత్తుకుని బండి మీద కూర్చోబెట్టాను, తెలుసా? దిగిపోయింది. ఆయన చెప్పనీ అంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా బతిమాలి, వేరేవాళ్ళదైతే ఎక్కుతుందని ట్రాక్టరు కోసం పరిగెత్తాను. వానలో ఎవరొస్తారు? దొరికేసరికి నాలుగయింది."

దమాసియో "తప్పు నాది," అన్నాడు. "ఊరందరినీ పిలుస్తాను. అందరికీ వినిపిస్తాను."

"వినిపించండి. ఊళ్ళో నాకేముంది? ఇల్లు అమ్మేశాను."

ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. లిబోరియో చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ వైపు గడ్డంతో చూపించాడు.

"మళ్ళీ పెట్టండి."

దమాసియో పెట్టాడు. ఈసారి లిబోరియో ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పాపం అన్న చోట అతని పెదవి వణికింది. అయిపోయాక తనే వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాడు. దమాసియో రెండు చేతులూ వేలాడేసుకుని, పిలవని అతిథిలా నిలబడ్డాడు.

మోటారు సైకిలు ఒకటి గాలి లేని చక్రంతో ఈడ్చుకుంటూ వచ్చి షాపు ముందు ఆగింది. లిబోరియో కళ్ళు తెరిచాడు. ఫోన్‌ను దమాసియో చేతిలో పెట్టాడు, మామూలుగా, గిరాకీకి సామాను ఇచ్చినట్టు.

"పక్కకి జరగండి," అన్నాడు. "బండి లోపలికి రావాలి."

దమాసియో జరిగాడు.